పాత నిస్సాన్ 240ఎస్ఎక్స్‌కి టర్బో ఇంజన్ ఎక్కించడం: కొనడం దగ్గర నుంచి మొదటి స్టార్ట్ దాకా

ఇంజన్ తీసి ఇంజన్ పెట్టడం రెండు రోజుల పని. శనివారం పొద్దున మొదలుపెడితే ఆదివారం రాత్రికల్లా ఇద్దరు మనుషులు కానిచ్చెయ్యొచ్చు, మేమూ అలాగే కానిచ్చాం. ఆ తర్వాత ఆ కారు సొంతంగా గ్యారేజీ బయటికి రావడానికి నాలుగున్నర నెలలు పట్టింది. వైర్లు, హోస్‌లు, క్లిప్పులు, రాగి వాషర్లు, ఐదేసి డాలర్ల ముక్కల కోసం వారాల తరబడి ఎదురుచూపులు. వీడియోల్లో చూస్తే ఇంజన్ గొలుసుకి వేలాడుతూ లోపలికి దిగే సీను పది నిమిషాలుంటుంది, వైరింగ్ పది సెకన్లుంటుంది. అందుకే ఇక్కడ దించే పని గురించి తక్కువా, దానికి ముందూ తర్వాతా ఉండే చాకిరీ గురించి ఎక్కువా రాస్తున్నాను.

కారు సంగతి. 1989 నుంచి 1994 దాకా అమెరికాలో అమ్మిన నిస్సాన్ 240ఎస్ఎక్స్, దీన్నే అందరూ ఎస్13 అంటారు. వెనక చక్రాల డ్రైవు, తేలికైన బాడీ, చూడ్డానికి కూడా బాగుంటుంది. కానీ అమెరికా వాళ్లకి ఇందులో పెట్టిచ్చింది 2.4 లీటర్ల కేఏ24, నిస్సాన్ పికప్ ట్రక్కుల్లో వాడిన ఇంజన్‌కి దగ్గర చుట్టం. మొదట్లో 12 వాల్వులతో 140 హార్స్‌పవర్, 1991 నుంచి 16 వాల్వులతో 155. చెడ్డ ఇంజన్ కాదు, గట్టిది, కానీ దాంట్లో మజా లేదు. ఇదే బాడీని జపాన్‌లో సిల్వియా, 180ఎస్ఎక్స్ పేర్లతో అమ్మారు. 1991 నుంచి అక్కడి వాటిలో ఎస్ఆర్20డీఈటీ అనే 2 లీటర్ల టర్బో ఇంజన్ పెట్టారు: 205 హార్స్‌పవర్, 274 న్యూటన్ మీటర్ల టార్క్, బోరూ స్ట్రోకూ రెండూ 86 మి.మీ. పైగా దీని బ్లాకు అల్యూమినియం కాబట్టి ఇనప బ్లాకున్న కేఏ కంటే తేలిక, కారు ముక్కు మీద బరువు కూడా తగ్గుతుంది.

మొదటిసారి చేసేవాళ్లకి నేను ఈ జోడీయే చెప్పేది ఎందుకంటే ఫ్యాక్టరీ వాడే ఈ బాడీలో ఈ ఇంజన్ పెట్టాడు. ఇంజన్ మౌంట్లు పాత క్రాస్‌మెంబర్ (ఇంజన్ కింద అడ్డంగా ఉండే ఇనప దూలం) మీదే కూర్చుంటాయి, గేర్ బాక్స్ కింది పట్టీ పాతదే సరిపోతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి చిన్నది చేయించక్కర్లేదు. వెల్డింగ్ మిషను ముట్టుకోకుండా అయిపోతుంది. మీ దగ్గర వేరే పాత కారుంటే కూడా ముందు వెతకాల్సింది ఇదే: ఏ దేశంలోనైనా కంపెనీ మీ బాడీలోనే పెట్టిన టర్బో ఇంజన్ ఏదైనా ఉందా అని. లేకపోతే మౌంట్లు చేయించడం, ఆయిల్ పాన్ కోయించడం, స్టీరింగ్ రాడ్డుకి తగలకుండా చూసుకోవడం, అది వేరే లోకం.

ముందు కాగితాలు

నేనుండేది టెక్సస్. ఇక్కడ 24 ఏళ్లు దాటిన కారుకి ఎమిషన్ టెస్టు అడగరు కాబట్టి రిజిస్ట్రేషన్ దగ్గర ఇబ్బంది రాలేదు. అంతమాత్రాన కేంద్ర చట్టం లేనట్టు కాదు. ఈపీఏ, అంటే అమెరికా పర్యావరణ సంస్థ, లెక్క ప్రకారం, పెట్టే ఇంజన్ కారు సంవత్సరానిదో తర్వాతదో అయ్యుండాలి, అమెరికాలో సర్టిఫై అయిన రకమై ఉండాలి, దాని పొల్యూషన్ సామానంతా దాంతోనే ఉండాలి. ఈ జపాన్ ఇంజన్‌కి ఆ సర్టిఫికెట్ లేదు. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకి స్మాగ్ చెక్ (అక్కడి పొల్యూషన్ టెస్టు) తప్పదు, కాబట్టి అక్కడుండేవాళ్లు ట్రాక్ మీద తిప్పే కారుగానే అనుకుని మొదలుపెట్టండి. ఇన్సూరెన్స్ వాళ్లకి మాత్రం ఏ రాష్ట్రంలో ఉన్నా ముందే చెప్పండి, దాచిపెడితే క్లెయిమ్ రోజున ఏడవాల్సి వస్తుంది.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చదువుతున్నవాళ్లు "మా పాత ఎస్టీమ్‌లో టర్బో పెట్టొచ్చా అన్నా" అని అడుగుతుంటారు. పెట్టడం వేరు, రోడ్డెక్కించడం వేరు. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ కిట్ల లాంటి వాటికి దారుంది గానీ వేరే కంపెనీ టర్బో ఇంజన్‌కి లేదు. ఆటోనగర్‌లో ఎక్కించి ఇచ్చేవాళ్లు దొరకరని కాదు, ఆ తర్వాత జరిగేదానికి వాళ్లు మీ పక్కన ఉండరు.

ఇంజన్ కొనడం

ఎస్ఆర్20డీఈటీ అని పేరున్నదల్లా మనకి పనికిరాదు. పల్సార్ జీటీఐ-ఆర్, బ్లూబర్డ్ కార్ల నుంచి వచ్చేవి అడ్డంగా కూర్చునే ఇంజన్లు, వాటి ఆయిల్ పాన్, మానిఫోల్డ్, గేర్ బాక్స్ అన్నీ వేరు. చవగ్గా వస్తుందని అది తెచ్చుకుంటే మళ్లీ అమ్ముకోవడమే. మనకి కావాల్సింది సిల్వియా, 180ఎస్ఎక్స్ నుంచి తీసినది. పైన వాల్వ్ కవర్ ఎర్రగా ఉంటే రెడ్ టాప్, నల్లగా ఉంటే బ్లాక్ టాప్, లోపల పెద్ద తేడా లేదు. సిల్వియా తర్వాతి తరాలైన ఎస్14, ఎస్15 కార్లలో వచ్చిన రకానికి కవరు మీద చిన్న నొక్కు ఉంటుంది, ఇంటేక్ క్యామ్ టైమింగ్ మారే ఏర్పాటుంటుంది, ఎస్15లో అయితే 250 హార్స్‌పవర్. డబ్బుంటే అది తీసుకోండి, కాకపోతే వైరింగ్ ఇంకొంచెం ఎక్కువ. మొదటిసారికి రెడ్ టాప్ చాలు.

ఒక్క ఇంజన్ కాదు, సెట్టు కొనాలి. గేర్ బాక్స్ తప్పనిసరి, ఎందుకంటే కేఏ గేర్ బాక్స్ బెల్ హౌసింగ్ ఎస్ఆర్ బ్లాక్‌కి కూర్చోదు. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), ఇంజన్ వైరింగ్ మొత్తం, గాలి కొలిచే మాఫ్ సెన్సర్, నాలుగు కాయిల్స్, వాటిని నడిపే ఇగ్నైటర్, డైనమో, సెల్ఫ్ మోటర్, స్టీరింగ్ పంపు, టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపులు. వైరింగ్ కట్టని మాత్రం చేత్తో పట్టుకుని చివరిదాకా చూడండి. తీసేవాళ్లు తొందరలో కత్తిరించేసి ఉంటారు, ఒక్క ప్లగ్గు పోయినా జపాన్ నుంచి తెప్పించుకోవాలి.

తర్వాత కంప్రెషన్. నాకు అమ్మినాయన "తక్కువ తిరిగిన ఇంజన్, గ్యారంటీ" అన్నాడు, నేనూ తల ఊపి డబ్బులిచ్చి ట్రక్కులో వేయించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి సెల్ఫ్‌కి బ్యాటరీ పెట్టి గేజ్ బిగిస్తే మూడు సిలిండర్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, నాలుగోది బాగా కింద. చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూస్తే నంబరు పెరగలేదు, అంటే రింగులు కాదు, వాల్వులు. హెడ్ విప్పి వాల్వులు గ్రైండింగ్ చేయించడానికి మూడు వారాలు పోయాయి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి, అంతకంటే ఎక్కువుంటే ధర తగ్గించినా తీసుకోవద్దు, అది కూడా అమ్మేవాడి ముందే, మీ గేజ్‌తోనే చూసుకోవాలి. టర్బో ఊదే వైపు పైపు తీసి వేలు పెట్టి షాఫ్ట్ కదపండి: పక్కలకి కొద్దిగా ఆడటం మామూలే, ముందుకీ వెనక్కీ కదలకూడదు, రెక్కలు గోడకి రాసుకున్న గీతలుండకూడదు. ఆయిల్ మూత తీసి లోపల చూడండి, నల్లటి ముద్ద పేరుకుని ఉంటే ఆ యజమాని ఆయిల్ మార్చలేదని అర్థం.

ఖర్చు అడిగేవాళ్లకి: ఇంజన్ సెట్టు ఎంతకొస్తే ఇంకో అంత పక్కన పెట్టుకోండి.

స్టాండ్ మీద ఉండగానే చెయ్యాల్సినవి

ఈ గైడులో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి. ఇంజన్ స్టాండ్ మీద ఉన్నప్పుడు పదిహేను నిమిషాల్లో అయ్యే పని, బండిలోకి వెళ్లాక రోజంతా పడుతుంది, చేతులు చీరుకుపోతాయి. ముప్పై ఏళ్ల రబ్బరు బయటికి బాగానే కనిపిస్తుంది, వేడెక్కాక పగులుతుంది.

వెనక క్రాంక్ సీలు, ముందు సీలు, వాటర్ పంపు, థర్మోస్టాట్, వాల్వ్ కవర్ ప్యాకింగ్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్యాకింగ్, టర్బోకి వెళ్లే ఆయిల్ లైను, నీళ్ల లైను, వాటి రాగి వాషర్లు, ఇంటేక్ కింద దాక్కునే చిన్న హోస్‌లన్నీ, హీటర్ హోస్‌లు, ప్లగ్గులు. ఆయిల్ పాన్ విప్పితే పాత ప్యాకింగ్ అంతా గీకి, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, సిలికాన్ గమ్ము సన్నటి తాడులా పెట్టి మూసెయ్యండి, ఎక్కువ పెడితే లోపలికి పిసుక్కుని ఆయిల్ జాలీలో చిక్కుకుంటుంది. పెట్రోలు తప్పు సమయంలో పేలి ఇంజన్ కొట్టుకుంటే పసిగట్టే నాక్ సెన్సర్ కూడా ఇంటేక్ మానిఫోల్డ్ కిందే బ్లాక్‌కి ఉంటుంది. పాడైతే ఈసీయూ భయపడి టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, పికప్ ఉండదు, ఎందుకో అర్థం కాదు. ఇప్పుడే కొత్తది పెట్టేస్తే ఆ గొడవ ఉండదు. ఈ ఇంజన్‌కి టైమింగ్ బెల్టు లేదు, చైను ఉంటుంది కాబట్టి మార్చి తీరాలని లేదు, కవరు తీసినప్పుడు చైను వదులుగా ఉందా, గైడ్లు అరిగాయా చూసుకుంటే చాలు.

వాషర్ల గురించి నా పాపం చెప్పేస్తాను. టర్బో ఆయిల్ లైను పాత రాగి వాషర్లు బాగానే ఉన్నాయి కదా అని అవే పెట్టి బిగించాను. రాగి ఒకసారి నలిగాక గట్టిపడుతుంది, రెండోసారి సరిగ్గా మూసుకోదు. నెల తర్వాత ఆయిల్ బొట్లు బొట్లుగా ఎర్రగా కాలిన మానిఫోల్డ్ మీద పడి సిగ్నల్ దగ్గర బానెట్ నుంచి పొగ. పక్క కారావిడ కిటికీ దించి "నీ కారు తగలబడుతోంది" అని చాలా మర్యాదగా చెప్పింది. తగలబడలేదు గానీ అంత దాకా వచ్చింది. ఆ రెండు వాషర్ల ఖరీదు కాఫీ కంటే తక్కువ.

పాతది బయటికి తీయడం

కావాల్సిన సామాను: రెండు టన్నుల హాయిస్ట్, దాని కొక్కేనికి తగిలించే లెవెలర్, నాలుగు మంచి జాకీ స్టాండ్లు, రింగ్ పానాలు, సాకెట్లు, పొడుగు ఎక్స్‌టెన్షన్లు. చిన్నప్పుడు ఆటోనగర్ షెడ్లలో లారీ ఇంజన్‌ని దూలానికి చైన్ బ్లాక్ కట్టి లేపడం చూసినవాళ్లకి ఇంట్లో కూడా అలా చెయ్యాలనిపిస్తుంది. అమెరికా ఇళ్ల గ్యారేజీ కప్పు ఉత్త చెక్క, ఆ సాహసం వద్దు. హాయిస్ట్ రోజు అద్దెకి దొరుకుతుంది.

ఏసీ ఉంటే ముందు రోజే షాపుకి తీసుకెళ్లి గ్యాస్ లాగించుకోండి, గాల్లోకి వదలడం నేరం. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి ఇంజన్ నడపండి, లైనులో పెట్రోలు అయిపోయి దానంతటదే ఆగుతుంది, అప్పుడు హోస్ విప్పితే మొహాన కొట్టదు. బ్యాటరీ తీసెయ్యండి. బానెట్ విప్పేముందు హింజీల చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోండి. నీళ్లు, ఇంజనాయిల్, గేర్ ఆయిల్ దించెయ్యండి. తర్వాత రేడియేటర్, ఫ్యాను, గాలి పైపులు, సైలెన్సర్ ముందు పైపు. లోపల గేర్ లివర్ తీసెయ్యాలి, ఇది మర్చిపోయి ఇంజన్ లేపి, ఎందుకు రావట్లేదా అని గుంజేవాళ్లని చూశాను. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కీ డిఫరెన్షియల్‌కీ మధ్య గీత పెట్టుకుని నాలుగు బోల్టులు విప్పి లాగితే వచ్చేస్తుంది. గేర్ బాక్స్ తోకకి ప్లాస్టిక్ కవర్ కట్టి రబ్బరు బ్యాండ్ వెయ్యండి, లేకపోతే వంచినప్పుడు మిగిలిన ఆయిలంతా నేల మీదే.

ప్రతి ప్లగ్గు విప్పే ముందు ఫోటో, విప్పాక టేపు మీద పేరు. తెలుగులోనే రాసుకోండి, నేను "ఫ్యాను పక్కది నల్లది" అని రాసుకున్నవే నాలుగు నెలల తర్వాత పనికొచ్చాయి, గొప్పగా పొట్టి పేర్లు పెట్టుకున్నవి నాకే అర్థం కాలేదు.

ఇంజన్, గేర్ బాక్స్ కలిపే తీయండి. రెండూ కలిపి సుమారు 200 కిలోలు. లెవెలర్ తిప్పి ముక్కు పైకీ తోక కిందకీ వంచి నెమ్మదిగా లాగాలి. ఒకరు హాయిస్ట్ దగ్గర, ఒకరు తోక దగ్గర. వేలాడుతున్న ఇంజన్ కింద చెయ్యి కూడా పెట్టొద్దు, ఏదన్నా జారిపడితే పడనివ్వండి, పట్టుకోవద్దు.

కలపడం, దించడం

కొత్త ఇంజన్‌కి ఫ్లైవీల్ టర్నింగ్ చేయించి బిగించాలి, పైలట్ బుష్ కొత్తది కొట్టాలి, క్లచ్ ప్లేట్‌ని మధ్యలో నిలిపే ప్లాస్టిక్ కడ్డీ పెట్టి ప్రెజర్ ప్లేట్‌ని ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించాలి. ప్లేట్ అటు తిప్పి ఇటు పెట్టారేమో రెండుసార్లు చూడండి. గేర్ బాక్స్ చేత్తో నెడితే దానంతటదే వచ్చి ఆనాలి. ఒక అంగుళం సందు మిగిలితే బోల్టులతో లాగి బిగించాలని చూడొద్దు, బెల్ హౌసింగ్ చెవి విరుగుతుంది. వెనక్కి లాగి క్రాంక్ కొంచెం తిప్పి మళ్లీ నెట్టండి. ఈ పని మధ్యలోనే పాత గేర్ బాక్స్ నుంచి స్పీడ్ సెన్సర్ తీసి ఇందులో పెట్టుకోండి, మీ మీటరు దాన్నే నమ్ముతుంది.

ఖాళీ అయిన ఇంజన్ గదిని కడిగి, బ్రేకు పైపులూ స్టీరింగ్ లైన్లూ తుడిచి, అప్పుడు దించండి. మౌంట్ నట్లు ముందు చేత్తో ఎక్కించి వదిలేసి, గేర్ బాక్స్ పట్టీ కూడా కూర్చున్నాకే అన్నీ గట్టిగా బిగించాలి. దించడం గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు.

వైరింగ్

జపాన్ సిల్వియాకి స్టీరింగ్ కుడివైపు, ఈసీయూ ఎడమ కాళ్ల దగ్గర. మన 240ఎస్ఎక్స్‌కి స్టీరింగ్ ఎడమవైపు, ఈసీయూ కుడి కాళ్ల దగ్గర. అంటే జపాన్ వైరింగ్ మనకి అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది, కొన్ని వైర్లు పొట్టి, కొన్ని పొడవు. రెండు దారులున్నాయి. ఒకటి, మీ కారు సంవత్సరానికి సరిపడా తయారుచేసి అమ్మే రెడీమేడ్ వైరింగ్ కొనడం. రెండు, జపాన్ కట్టనీ మీ పాత కేఏ కట్టనీ పక్కపక్కన నేల మీద పరిచి, రెండిటి డయాగ్రాములు ముందేసుకుని కలపడం. నేను రెండోది చేశాను, మళ్లీ చేస్తే మొదటిది చేస్తాను. అయినా రెండో దారిలో వెళ్లేవాళ్ల కోసం చెప్తాను.

ఇంజన్ లోపలి వైర్లు, అంటే ఇంజెక్టర్లు, కాయిల్స్, సెన్సర్లు, అవి ఎస్ఆర్‌వే, వాటిని ముట్టుకోవద్దు. కారుకీ ఇంజన్‌కీ మధ్య వెళ్లేవి మాత్రమే కలపాలి: ఎప్పుడూ ఉండే బ్యాటరీ కరెంటు, తాళం తిప్పితే వచ్చే కరెంటు, సెల్ఫ్ వైరు, ఫ్యూయల్ పంప్ రిలేని నడిపే వైరు, ఆర్‌పీఎం మీటరు, స్పీడు, ఆయిల్ లైటు, డైనమో లైటు, నీళ్ల వేడి మీటరు. ఈ చివరిదానికి మీ పాత ఇంజన్ సెండర్‌నే ఎస్ఆర్‌లో బిగించుకుంటే డాష్‌బోర్డు ముల్లు సరిగ్గా చూపిస్తుంది. వైర్లు మెలేసి టేపు చుట్టొద్దు. సోల్డర్ చేసి పైన హీట్ ష్రింక్ ట్యూబు వెయ్యాలి, లేదా మంచి క్రింపులు వాడాలి. ఒకేసారి ఒక వైరు, అయ్యాక మల్టీమీటర్‌తో ఈ చివర నుంచి ఆ చివర దాకా పలుకుతుందో లేదో చూసి, డయాగ్రాములో టిక్కు.

ఎర్తు వైర్లు. ఇంటేక్ మానిఫోల్డ్ మీద ఈసీయూ ఎర్తులుంటాయి, వాటి కింద పెయింటు గీకి మెరిసే లోహానికి బిగించండి. ఇంజన్‌కీ బాడీకీ మధ్య లావుపాటి ఎర్తు పట్టీ వేరే ఉంటుంది. మొదటిసారి నేను దాన్ని బిగించడం మర్చిపోయాను. సెల్ఫ్ కొడితే ఇంజన్ ఈడుస్తూ తిరుగుతోంది, బ్యాటరీ బలహీనం అనుకుని ఇంకో బ్యాటరీ కూడా జంపర్ పెట్టాను. "ఒరేయ్, యాక్సిలరేటర్ కేబుల్ నుంచి పొగొస్తోంది రా" అని మా వాడు అరిచాడు. సెల్ఫ్ లాగే కరెంటంతా వెనక్కి వెళ్లడానికి దారి లేక ఆ సన్నటి ఇనప తీగ గుండా వెళ్లింది. కేబుల్ కొత్తది కొన్నాను, పట్టీ బిగించాను, ఇంజన్ గిర్రున తిరిగింది.

గాలి, నీళ్లు, పెట్రోలు

మాఫ్ సెన్సర్ లోపలికెళ్లే గాలిని కొలిచి ఈసీయూకి చెప్తుంది, ఈసీయూ దానికి సరిపడా పెట్రోలు పోస్తుంది. కాబట్టి మాఫ్ తర్వాత ఎక్కడ గాలి లీకైనా లెక్క తప్పుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు టర్బో తోసిన మిగులు గాలిని వదిలే బ్లో ఆఫ్ వాల్వు కూడా అంతే, కంపెనీ వాడు ఆ గాలిని మళ్లీ టర్బో ముందుకి కలిపాడు. "ప్షూ" అనే సౌండు కోసం దాన్ని బయటికి వదిలితే, కొలిచిన గాలి బయటికి పోయి, పెట్రోలు మాత్రం లోపలే ఉండి, గేరు మార్చినప్పుడల్లా ఇంజన్ దగ్గుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. సౌండు వద్దు అని చెప్పను, ఎందుకు దగ్గుతోంది అని నన్ను మాత్రం అడగొద్దు.

రేడియేటర్‌కి హోస్‌లు ఏ వైపు వస్తున్నాయో చూసుకుని, ఎస్ఆర్ కోసం చేసిన అల్యూమినియంది తీసుకోవడం మేలు. డల్లాస్ ఎండ మన బెజవాడ ఎండకి ఏమాత్రం తీసిపోదు, ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు అడ్డమొస్తోందని తీసిపారెయ్యొద్దు, అది లేకపోతే ఫ్యాను పక్క గాలినే తిప్పుతూ కూర్చుంటుంది. ఏసీ కావాలంటే కంప్రెసర్ హోస్‌లు కొలతిచ్చి చేయించుకోవాలి.

ఫ్యూయల్ పంపు ట్యాంకులో ముప్పై ఏళ్లుగా మునిగి ఉన్నది. గంటకి 255 లీటర్లు తోసేది వెయ్యండి, ఫిల్టర్ కూడా మార్చండి. టర్బో ఇంజన్‌కి పెట్రోలు చాలకపోతే ఆగిపోదు, బూస్ట్ మీద, అంటే టర్బో గాలిని ఒత్తిడితో తోస్తున్నప్పుడు, వేడెక్కి పిస్టన్ కరుగుతుంది. ఇంజన్‌ని జపాన్‌లో 100 ఆక్టేన్ ప్రీమియం పెట్రోలుకి ట్యూన్ చేశారు, అమెరికా పంపుల్లో 93 అని రాసి ఉండేది దానికి దగ్గర. కొలిచే పద్ధతి వేరు కాబట్టి ఆ నంబర్లు రెండూ పక్కపక్కన పెట్టి కంగారు పడొద్దు, 87 మాత్రం ఎప్పుడూ పొయ్యొద్దు.

మొదటి స్టార్ట్

నీళ్లు పోసేటప్పుడు కారు ముందు భాగం జాకీ మీద ఎత్తి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, ఇంటేక్ వైపున్న గాలి వదిలే బోల్టు విప్పి, బుడగలు ఆగి నీళ్లు వచ్చేదాకా పొయ్యాలి. గాలి ఇరుక్కుంటే మీటరు మామూలుగానే ఉంటుంది, హెడ్ కాలిపోతుంది.

తర్వాత ఆయిల్. టర్బో ఆయిల్ లైను పైనుంచి విప్పి రంధ్రంలోకి కొద్దిగా ఇంజనాయిల్ పొయ్యండి. కాయిల్, ఇంజెక్టర్ ప్లగ్గులు పీకేసి, పదేసి సెకన్లు సెల్ఫ్ కొట్టండి, మధ్యలో నిమిషం ఆపండి, ఆయిల్ లైటు ఆరేదాకా. నెలల తరబడి ఎండిపోయి ఉన్న టర్బో బేరింగ్‌కి ఆయిల్ చేరకుండా స్టార్ట్ చేస్తే మొదటి నిమిషమే దానికి చివరి నిమిషం.

తాళం ఆన్ చేసి స్టార్ట్ చెయ్యకుండా ఉంచితే, వెనక సీటు దగ్గర పంపు కొన్ని సెకన్లు గుయ్యిమని ఆగాలి. ఆ శబ్దం లేకపోతే పంపు రిలే వైరు చూడండి. పెట్రోలు కారుతోందేమో టార్చ్ వేసి ప్రతి క్లిప్పూ చూడండి. పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకోండి, ఇది మాత్రం మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఇక ప్లగ్గులన్నీ తగిలించి కొట్టండి.

అంటుకున్నాక మొదటి ఐదు నిమిషాలూ పొగ వస్తుంది, మానిఫోల్డ్ మీద పడ్డ చేతి జిడ్డూ గమ్మూ కాలుతూ. తెల్లపొగ తియ్యటి వాసనతో ఆగకుండా వస్తే నీళ్లు లోపలికి పోతున్నాయి, ఆపెయ్యండి. అంటుకోకపోతే తిట్టుకోకుండా ఈసీయూ దగ్గరికి వెళ్లండి, దాని మీద చిన్న ఎర్ర లైటుంటుంది, డయాగ్నొస్టిక్ మోడ్‌లో పెడితే మిణుకు మిణుకుమంటూ తప్పు నంబరు చెప్తుంది. ఐదు పొడుగు, ఐదు పొట్టి వస్తే 55, అంటే ఈసీయూకి ఏ తప్పూ కనపడలేదు. నాకు మొదట క్రాంక్ యాంగిల్ సెన్సర్ కోడ్ వచ్చింది, ప్లగ్గులో ఒక పిన్ను వంగిపోయి ఉంది. దాన్ని సూదితో సరిచేశాక రాత్రి పదకొండున్నరకి అంటుకుంది, పక్కింటివాళ్ల లైటు వెలిగింది, మేం ఆ నిమిషంలో పట్టించుకోలేదు.

వేడెక్కాక టైమింగ్ లైటుతో బేస్ టైమింగ్ 15 డిగ్రీలు, ఐడిల్ 850 దగ్గర. త్రాటిల్ మూసి ఉన్నప్పుడు దాని సెన్సర్ 0.45 వోల్టుల దగ్గర ఉండాలి, ఇది తప్పితే ఐడిల్ ఎప్పటికీ నిలబడదు.

రోడ్డెక్కాక

కొత్త క్లచ్‌కి 500 మైళ్లు ఊళ్లో మెల్లగా తిప్పండి. కంపెనీ బూస్ట్ 7 పీఎస్ఐ, మొదటి వెయ్యి మైళ్లూ అంతే ఉంచండి. గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో కాలుతున్నాయో చూపించే వైడ్‌బ్యాండ్ గేజ్ పెట్టి, ఈసీయూ ట్యూన్ చేయించకుండా బూస్ట్ కంట్రోలర్ తిప్పేవాళ్ల ఇంజన్లే మళ్లీ "పార్టుల కోసం అమ్మబడును" అని కనిపిస్తుంటాయి. ఈ ఇంజన్‌కి ఇంకో పేరుమోసిన రోగం ఉంది: రెవ్ లిమిటర్ (ఇంజన్ ఆర్‌పీఎం ఇక పెరగకుండా ఆపే హద్దు) మీద పదేపదే గుద్దితే, లేదా మూడుకి వెయ్యబోయి ఒకటో గేరు వేస్తే, వాల్వులని నొక్కే రాకర్ ఆర్మ్‌లు జారిపోతాయి. వాల్వ్ కవర్ ఎలాగూ తీస్తారు కాబట్టి రాకర్ స్టాపర్లు అప్పుడే వేయించుకోవడం మంచిది. బ్రేకులు 140 హార్స్‌పవర్ కారుకి ఇచ్చినవే, కనీసం కొత్త ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్, కొత్త హోస్‌లు వేసి గానీ గట్టిగా తొక్కొద్దు.

మొదటి వందమైళ్ల తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చండి, ఆ ఆయిల్‌ని తెల్ల ప్లేట్‌లో పోసి ఎండలో చూడండి, మెరిసే పొడి ఉందేమో. ఇంజన్ చల్లారాక మానిఫోల్డ్ నట్లు, టర్బో నట్లు ఒకసారి పానా పెట్టి చూడండి, నాలుగైదుసార్లు కాలి చల్లారేసరికి కనీసం ఒకటైనా వదులవుతుంది. నాకు రెండు వదులయ్యాయి, రెండూ పానా దూరని మూలలో ఉన్నవే.